ఐదణాల నాలుగు పైల రివెట్టు

1940వ సంవత్సరపు వేసవి మొదలుకొని బ్రిటిషు సామ్రాజ్యమున ఒక విచిత్రమైన ధరల పట్టిక ప్రచారములోనికి వచ్చెను. ఐదువేల పౌనులు సమర్పించిన వ్యక్తి గాని, పట్టణము గాని, సంస్థానము గాని తాము కోరిన పేరును ఒక స్పిట్‌ఫైరు యుద్ధవిమానముపై వ్రాయించుకొనవచ్చును. అంత యిచ్చుకొనలేనివారు రెండువేల పౌనులకు ఒక రెక్కను, రెండువందల పౌనులకు ఒక మరతుపాకిని, ఏమియు లేనివారు ఆరు పెన్సులకు ఒక రివెట్టును దానము చేసి తృప్తి నొందవచ్చును. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్సులుగా సాగుచుండిన నాటి మారకమున లెక్కగట్టి చూచినచో విమానము వెల 66,666 రూపాయలు దాటును. రివెట్టు వెల, అణాకు పన్నెండు పైల లెక్కను, సరిగా ఐదణాల నాలుగు పైలు తేలును. నిజమునకు ఐదువేల పౌనులకు ఆ విమానము తయారు కాదు, అంతకు చాల మించిన వ్యయమగును. కాని దాత మనస్సునకు నిండుసంఖ్య యొకటి కావలెనని విమాన నిర్మాణ మంత్రి బీవర్‌బ్రూకు ప్రభువునకు బాగుగా తెలియును. పత్రికాధిపతిగా జీవితము గడిపినవానికి ఆ మాత్రము తెలియకుండునా?

తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలు అప్పుడు గుంటూరు జిల్లాలోనివి. గుంటూరు జిల్లా చెన్నపురి రాజధాని యనబడిన మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. ప్రజల నడుగకయే భారతదేశమును యుద్ధములోనికి దింపినందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గము 1939లో రాజీనామా చేయగా, రాజధాని పాలన గవర్నరు చేతిలోనికి పోయెను. యుద్ధనిధికి విరాళములు పోగగుట ఆరంభమయ్యెను. ఇష్టపడి యిచ్చినవారును గలరు, అధికారి ముఖము చూచి యిచ్చినవారును గలరు. ఆ ద్రవ్యమునకు గుర్తుగా బ్రిటిషు వైమానికదళములోని 234వ స్క్వాడ్రనుకు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అను పేరు తగిలింపబడెను. నోటినుండి మంటలు గ్రక్కు డ్రాగను దాని చిహ్నము. ఈ దళము స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు నైరృతి తీరమును కాచుచుండగా, 1940 అక్టోబరు 17న వినోబాజీతో ఆరంభమైన వ్యక్తిసత్యాగ్రహమున, ధనముచేత గాని జనముచేత గాని ఈ యుద్ధమునకు తోడ్పడుట తప్పు అని ప్రకటించి ఇచ్చటివారు చెరసాలలకు పోవుచుండిరి. ఒకే రాజధాని పేరు అటు విమానదళమునకును ఎక్కినది, ఇటు జైలు రికార్డులకును ఎక్కినది.

నిజాము సంగతి వేరు. ఆయన మొదటి ప్రపంచయుద్ధముననే, 1918లో, ఒక దళమునకు విమానములు సమకూర్చి 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు తెచ్చెను. రెండవ యుద్ధమున 152వ, 253వ స్క్వాడ్రనులకును ఆ పేరే వచ్చెను. 152వ దళపు చిహ్నములో నిజాము తలపాగాయే యున్నది. క్రింది బిరుదువాక్యము ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అను అర్థము కలది. 1940 వేసవిలో డార్సెటు మండలములోని వార్మ్‌వెల్ మైదానమునుండి లేచి, పోర్ట్‌లండు రేవుపైకి వచ్చు జర్మను బాంబరుల నెదుర్కొన్న స్పిట్‌ఫైర్లు ఈ దళమువి. హైదరాబాదు తలపాగా ఆంగ్లేయుల సముద్రముపై యుద్ధము చేసిన చిత్రము చరిత్రలో తరచుగా కనబడునది కాదు.

ఇంతకును ఇంత ధనము నాకర్షించిన ఆ యంత్ర మెట్టిది? దాని పుట్టుక యుద్ధములో గాక, పందెములో నున్నది. ష్నైడరు ట్రోఫీ యని నీటివిమానములకు ఒక అంతర్జాతీయ వేగపు పోటీ జరుగుచుండెడిది. సౌతాంప్టనులో సూపర్‌మెరీను అను చిన్న సంస్థలో ప్రధాన రూపశిల్పిగా నుండిన రెజినాల్డు మిచెల్, 1927లోను, 1929లోను తన విమానములతో ఆ పోటీ గెలిచెను. మూడవమారు గెలిచినచో ట్రోఫీ శాశ్వతముగా దక్కును. కాని 1931 ఆర్థిక సంక్షోభమున ప్రభుత్వము చేయి విదల్చెను. అప్పుడు లేడీ హూస్టను అను ధనికురాలు లక్ష పౌనులిచ్చి ఆదుకొనెను. ఆ యేట మిచెల్ విమానము పోటీ గెలుచుటయే గాక, గంటకు నాలుగువందల మైళ్ల హద్దును దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. కనుక స్పిట్‌ఫైరు కథలో దాతల ద్రవ్యము కొత్త సంగతి కాదు, మొదటినుండియు ఉన్నదే.

పందెపు విమానమునకును పోరాట విమానమునకును భేదము మిచెల్ అపజయముచేతనే నేర్చుకొనెను. 1934లో ఎగిరిన అతని మొదటి యుద్ధవిమానము లోపలికి ముడుచుకొనని చక్రములతోను, ఆవిరిగా చల్లబరచు ఇంజనుతోను, ఆశించిన వేగము నందుకొనలేక పక్కన పడినది. అప్పటికే పేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకొనియున్న అతడు విశ్రాంతి తీసికొనక కొత్త ఆకృతి నారంభించెను. 1936 మార్చి 5న ఈస్ట్‌లీ మైదానమున మట్ సమ్మర్స్ అను పైలటు దాని నమూనాను తొలిసారి గాలిలోనికి లేపెను. మూడు నెలలలో ప్రభుత్వము 310 విమానములు కోరెను. 1937 జూన్ 11న మిచెల్ మరణించెను. నలువదిరెండేండ్ల వయస్సు. తన విమానము దళములో చేరుట అతడు చూడలేదు.

స్పిట్‌ఫైరు రెక్క దీర్ఘవృత్తాకారమున మొదలు వెడల్పై కొనకు పోను పోను సన్నగిల్లును. చూచినవారందరును దాని నొక అలంకారమని భ్రమపడుదురు. వేగమునకు రెక్క పలుచగా నుండవలెను. ఎనిమిది మరతుపాకులును, వాని తూటాల పెట్టెలును, ముడుచుకొను చక్రములును పట్టుటకు లోపల చోటు కావలెను. మొదట వెడల్పుగా నుండి, ఆ వెడల్పు చాలదూరము నిలిచి, కొసలో చటుక్కున సన్నగిల్లినచో రెండును నెరవేరును. మరియొక ప్రయోజనము గలదు. రెక్క క్రింద గాలి ఒత్తిడి యెక్కువ, పైన తక్కువ. కాబట్టి క్రిందిగాలి కొసను చుట్టివచ్చి పైకి పోజూచును. దుగ్గిరాల లాకుల తలుపు అంచున కాలువనీరు సుడి తిరుగుట చూచినవారి కిది సులభముగా బోధపడును. ఆ సుడి విమానమును వెనుకకు లాగును. దీర్ఘవృత్తాకారమున ఆ లాగుడు కనిష్ఠమని గణితము చెప్పుచున్నది. ఆ లెక్క సరిచూచిన బెవర్లీ షెన్‌స్టన్ అను కెనడా దేశీయుడు రెక్కను మొదటినుండి కొసకు రవంత మెలిపెట్టెను. అందుచే మలుపు మితిమీరినప్పుడు రెక్క మొదలు ముందుగా పట్టు తప్పి విమానమును వణికించును, కొస మాత్రము ఇంకను పట్టు నిలుపుకొనియుండును. ఆ వణుకే పైలటునకు హెచ్చరిక. తయారు చేయువారికి మాత్ర మా వంపు నరకము చూపించెను. మొదటి రెక్కలు సమయమునకు అందక ప్రభుత్వము ఒప్పందమునే రద్దుచేయుదమా యని యోచించెను.

ఇక రివెట్టు. అల్యూమినియపు రేకులను కలుపు రివెట్ల తలలు గుండ్రముగా పైకి లేచియుండిన పని చవుక. తలను రేకులోనికి చదునుగా దించిన పని ఖరీదు. చదును తల లేకున్న వేగమెంత తగ్గును? నమూనా విమానపు రివెట్లన్నియు చదునువి. వానిని పెరికి మార్చుటకు బదులుగా శిల్పులొక ఉపాయము పన్నిరి: బఠాణీ బద్దలను తెచ్చి ఒక్కొక్క రివెట్టు తలపై నొక్కొక్క బద్ద జిగురుతో అంటించి, అట్టి విమానము నెగురవేసిరి. వేగము గంటకు 22 మైళ్లు, అనగా 35 కిలోమీటర్లు పడిపోయెను. పిమ్మట వరుస వరుసగా బద్దలు ఊడబెరుకుచు మరల మరల ఎగిరి, ఎచ్చట చదును తల తప్పనిసరియో, ఎచ్చట గుండు తల చాలునో నిర్ణయించుకొనిరి. గాలిసొరంగములును గణితజ్ఞులును ఉన్న దేశమున సమస్య తీర్చినది వంటింటి డబ్బాలోని సరకు. ఆరు పెన్సుల రివెట్టును దానము చేసినవాని కీ సంగతి తెలియదు గాని, తెలిసిన గర్వించియుండును.

నాటి వైమానిక యుద్ధమును వర్ణించుట నా ఉద్దేశము కాదు. ఒక న్యాయము మాత్రము చెప్పవలెను. 1940లో ఇంగ్లండు ఆకాశమున శత్రువిమానములను హెచ్చుగా కూల్చినది స్పిట్‌ఫైరు కాదు, హరికేను. అది సంఖ్యలో నెక్కువ, మరమ్మతుకు సులభము, గుడ్డయు కొయ్యయు గలిసిన పాతకాలపు మొండెము కలది. నిజాము పేరిటి 253వ దళమునకు నాడున్నవి హరికేనులే. కాని జనులు పేరు పెట్టుటకు విరాళమిచ్చినది స్పిట్‌ఫైరుకు. కీర్తికి అందమొక రాజమార్గము.

ఆ అందములో ఒక లోపముండెను. విమానము ముక్కు హఠాత్తుగా దించినచో మెర్లిన్ ఇంజనులోని తేలుడుబుడ్డి కార్బురేటరున ఇంధనము పైకి ఎగిసి, ఇంజను రెప్పపాటు ఆగును. జర్మను మెసర్‌ష్మిట్‌లో ఇంధనము నేరుగా చిమ్మబడును గావున దాని కా బాధ లేదు. అది మునిగి తప్పించుకొనును, ఇది దగ్గి వెనుకబడును. 1941లో ఫార్న్‌బరో పరిశోధనశాలలోని బియాట్రిస్ షిల్లింగ్ అను స్త్రీ ఇంజనీరు, మోటారుసైకిలు పందెములలో పేరు పొందినది, ఇంధనపు గొట్టమున అమర్చుటకు నడుమ రంధ్రము గల యొక చిన్న లోహపు వాషరును రూపొందించెను. అవసరమునకు మించి ఇంధనము పారకుండ ఆ రంధ్రము కొలిచి చేయబడినది. విమానమును విప్పనక్కర లేదు, దళమునకు దళము మైదానముననే అమర్చుకొనవచ్చును. పూర్తి పరిష్కారము తరువాత వచ్చినది గాని, ఆ లోపల ఎందరి ప్రాణములో ఆ వాషరు నిలిపెను.

మన తీరమునకు మాత్రము ఈ విమానముచేత రక్ష కలుగలేదు. 1942 ఏప్రిల్ 6న ‘ర్యూజో’ అను నౌకనుండి లేచిన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. రేపల్లెకు కాకినాడ ఉజ్జాయింపున 185 కిలోమీటర్లు. స్పిట్‌ఫైరు ఇరువది నిమిషములలో దాటు దూరము. కాని ఆనాడు భారతదేశమున పోరాట స్పిట్‌ఫైరు ఒక్కటియు లేదు. 1943 చివరికి గాని అవి బెంగాలునకు రాలేదు. రాజధాని ధనముతో పేరు పొందిన దళము ఇంగ్లండులోనే యుండెను. రూపాయి పోసినవాని ఇంటిమీద కాపలా లేని యీ వ్యవహారమును ధర్మమనుటకు నాకు నోరు రాదు.

నాలుగు నెలలకు, 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా పిలుపు నందుకొని తెనాలి జనము రైల్వేస్టేషనును చుట్టుముట్టగా పోలీసులు కాల్పులు జరిపిరి; ఏడుగురు నేలకొరిగిరి. వారి స్మారకమున్న చోటిని నేటికిని రణరంగచౌక్ అందురు. యుద్ధకాలమున తెనాలి నెత్తురు చిందినది శత్రువిమానముచేత కాదు.

స్పిట్‌ఫైరు మాత్రము తరువాత మన చేతికి వచ్చెను. తలపాగా గుర్తు గల 152వ దళమే 1944లో బర్మా రంగమున పోరాడెను. భారత వైమానికదళములో ముందుగా 8వ స్క్వాడ్రను స్పిట్‌ఫైర్ల నందుకొనగా, 1945లో తక్కినవియు వరుసగా హరికేనులను వదలి వాని నెక్కెను. హైదరాబాదున 1923లో జన్మించిన ఇద్రిస్ హసన్ లతీఫ్, యుద్ధకాలమున ఇంగ్లండు పోయి హరికేనుపైనను స్పిట్‌ఫైరుపైనను శిక్షణ పొంది, 1978లో భారత వైమానికదళాధిపతి యయ్యెను. 1947 శరత్కాలమున కాశ్మీరముపై దాడి జరిగినప్పుడు శ్రీనగరమున దిగి స్వతంత్రభారతము పక్షమున పోరాడినవానిలో స్పిట్‌ఫైర్లున్నవి. ఐదణాల లెక్క ఇక్కడ కొంత తీరినదనుకొనవచ్చును. అదియు నా ఊరట మాత్రమే.

నేడు, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన కొరిశపాడువద్ద జాతీయరహదారిపై యుద్ధవిమానములు దిగుటకు నాలుగు కిలోమీటర్లకు పైగా కాంక్రీటు పరచియున్నారు. 2022 డిసెంబరు 29న సుఖోయి, తేజస్ విమానములు దానిమీదుగా తక్కువ యెత్తున దూసుకొనిపోవుట చూచుటకు చుట్టుపక్కల ఊళ్లు తరలివచ్చెను. ఆ తేజస్ మన దేశమున రూపొందినది. దాని రెక్కలో అధికభాగము కార్బను మిశ్రమపు పలక, కావున రివెట్లు కొద్ది. వేగమున ఆ రెండు విమానములును స్పిట్‌ఫైరునకు మూడింతలు. ఐనను, సూర్యలంకలో ప్రయోగించు క్షిపణుల చప్పుడు విని పెరిగిన బాపట్ల కుర్రవాడైనను అట్టపెట్టెలోని నమూనా విమానము లేరుకొనవలసి వచ్చిన స్పిట్‌ఫైరు వైపే చేయి చాపిన ఆశ్చర్యము లేదు. జెట్టు విమానమున పని యంతయు కంటికి కనబడని చోట జరుగును. స్పిట్‌ఫైరున రెక్క యెందు కట్లు వంగినదో, పొగగొట్టము లెందు కట్లు వరుసగా నిలిచినవో చూచిన చూపునకే తెలియును, పండ్రెండు సిలిండర్ల మెర్లిన్ గొంతు చెవికే తెలియును.

నౌకాదళపు రూపమైన సీఫైరులతో గూడ ఇరువదిరెండువేలకు పైగా తయారైన ఆ విమానములలో ఎగురగలిగినవి ప్రపంచమున నేడు కొన్ని పదులే. ఢిల్లీ పాలంలోని వైమానికదళ ప్రదర్శనశాలలో ఒకటి కదలక నిలిచియున్నది. ఇంగ్లండులో మాత్రము రెండు కుర్చీల స్పిట్‌ఫైరులో అరగంట విహారమునకు టిక్కెట్లమ్మెదరు. వెల వేల పౌనులలో నుండును, ఐనను ముందుగా పేరు నమోదు చేసికొనువారికి కొదువ లేదు.