కూలీల నడుం నొప్పికి వాతలు కాదు, వ్యాయామం కావాలి

"నడుములో మొదలయి, పిర్ర మీదుగా పిక్కదాకా కరెంటు పెట్టినట్టు లాగతా ఉండాదబ్బయా. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

ఆత్మకూరు వైపు ఒక వాడలో సంఘం సమావేశం ముగిశాక ఒక కూలి తల్లి మాతో చెప్పిన మాట ఇది. ఈ బాధ ఇంకెవరికుందని అడిగితే చాలా చేతులు లేచాయి. ఆశ్చర్యమేముంది? సోమశిల ఆయకట్టు కయ్యల్లో రోజంతా వంగి నాట్లు వేసేది వీళ్ళే. ఉదయగిరి, మర్రిపాడు మెట్టలో పొగాకు ఆకు కోసి మోపులు మోసేదీ, మట్టిపనిలో తట్టలెత్తేదీ వీళ్ళే.

ఈ జబ్బును డాక్టర్లు సయాటికా అంటారు. వెన్నుపూసల మధ్య దిండులాంటి డిస్కు ఉంటుంది. ఏళ్ళ తరబడి వంగి, మెలితిరిగి బరువులెత్తితే అది వెనక్కి ఉబ్బి, కాలికి దిగే నరం మొదలును నొక్కుతుంది. నొప్పి కాలిలో, దెబ్బ నడుములో. అందుకే పిక్కకు వాతలు పెట్టించుకుంటే కాలేది చర్మమే, నరం మీది ఒత్తిడి తగ్గదు. సూది వేయించుకుంటే ఆ పూటకు నొప్పి తెలియదు, మర్నాడు అదే బరువెత్తుతాం. నెలల తరబడి మంచాన పడుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

మరి దారేమిటి? 1956లో న్యూజిలాండులో మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఇలాంటి రోగే వచ్చాడు. తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. కొద్దిసేపటికి కాలి నొప్పి పోయింది! ఆ అనుభవం నుంచి పుట్టిన వ్యాయామాన్ని నేడు దేశదేశాల్లో వాడుతున్నారు. దానికి కావలసింది ఒక చాప.

చాప మీద రెండు నిమిషాలు బోర్లా పడుకోవాలి. తర్వాత మోచేతుల మీద ఛాతీ లేపి కాసేపు ఉండాలి. ఓర్చుకోగలిగితే అరచేతులు ఆనించి, నడుం కిందిభాగం చాపకే వదిలేసి, మెల్లగా పదిసార్లు లేవాలి. కాలి నొప్పి పైకి జరిగి నడుములోకి చేరితే అది మంచి గుర్తు. కిందికి దిగితే వెంటనే ఆపాలి. అందరికీ ఇది పడదు. ముందుకు వంగితేనే హాయిగా ఉండే పెద్ద వయసు వాళ్ళకు, వెల్లకిలా పడుకుని మోకాళ్ళను పొట్టకు దగ్గరగా తెచ్చుకోవడం మేలు చేయవచ్చు. ఎవరికేది తగునో ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని నేర్చుకోవాలి. రోజూ కొంచెం నడవాలి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, ఆపరేషను లేకుండానే తగ్గుతుంది.

అయితే మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం జారిపోయి లేవకపోయినా ఆగకూడదు. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

మన మెట్టలో ఇంకో శత్రువుంది, అది ఫ్లోరైడు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో వైద్యులు మొదట బయటపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. ఉదయగిరి, వరికుంటపాడు వైపు నేటికీ ఆ బాధ ఉంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మెడా వెన్నూ కట్టెలా బిగుస్తాయి, నరాలూ నలుగుతాయి. అక్కడ వ్యాయామం ఒక్కటే చాలదు, ముందు నీళ్ళు మారాలి. బోరు నీళ్ళు పరీక్ష చేయించమని పంచాయతీని నిలదీయాలి.

"చెప్పడం సులువే అబ్బయా, పనికి పోకుంటే కూడెట్టా?" అంది ఆ తల్లి. అసలు చిక్కు అదే. ఫిజియోథెరపీ ఒక్కరోజుతో అయ్యేది కాదు. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. పోయి వచ్చిన ప్రతిసారీ ఒకనాటి కూలీ, బస్సు చార్జీ పోతాయి. కాబట్టి ఆ వైద్యమే మెట్ట మండలాల ఆసుపత్రులకు రావాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట గాయపడిన కూలికి ఉచిత వైద్యం ఇవ్వాలని రాసింది. గాయమంటే రక్తం కారేదొక్కటేనా? అరిగిన నడుమూ పని చేసిన గాయమే. బరువులు ఇద్దరు కలిసి ఎత్తే పద్ధతి, గంటకోసారి నడుం నిలబెట్టే విరామం కూడా కూలీ రేటుతో పాటే అడగాలి.

కార్యకర్తలకు మా మనవి: ఈసారి వాడ సమావేశంలో ఈ ముక్కలు చదివి వినిపించండి. చాప వేసి చేసి చూపించండి.