నిమిషం కథలు - ఎల్లలు దాటిన అలవాటు

రాత్రి పదకొండు దాటింది. ఇల్లంతా నిద్రపోతోంది. ఒక గదిలో మాత్రం సెల్‌ఫోన్ వెలుగు ఆరలేదు. ‘ఈ ఒక్క భాగం చూసి పడుకుంటాను’ అనుకున్నవారు అప్పటికే ముప్పై భాగాలు చూసేశారు. ఇది ఏ ఒక్క దేశంలోనో జరిగేది కాదు. చైనాలోనూ, అమెరికాలోనూ, మన దగ్గరా ఇదే తంతు.

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని చూసేందుకు తీసిన చిన్న సీరియళ్లివి. ఒక్కో భాగం నిమిషం, రెండు నిమిషాలు. కథ మొత్తం అరవై నుండి వంద భాగాలు. ఈ పద్ధతి చైనాలో బలపడింది. 2024లో అక్కడ వీటి వ్యాపారం సుమారు 5,000 కోట్ల యువాన్లకు చేరి, సినిమా హాళ్ల వసూళ్లను మించిపోయింది.

అమెరికాలో 2020లో క్విబి అనే సంస్థ 175 కోట్ల డాలర్ల పెట్టుబడితో, పేరున్న తారలతో చిన్న భాగాల కార్యక్రమాలు తీసి, ఆ ఏడాదే మూతబడింది. 2022లో చైనా పెట్టుబడి అండతో కాలిఫోర్నియాలో మొదలైన రీల్‌షార్ట్ మాత్రం, పేరులేని నటులతో, కొద్ది రోజుల్లో తీసిన కథలతో నిలదొక్కుకుంది.

ఎందువల్ల? అందరూ చిన్నచూపు చూసిన పేద అల్లుడు నిజానికి కోటీశ్వరుడు. గెంటివేయబడిన కోడలు తలెత్తుకుని తిరిగి వస్తుంది. అవమానపడిన మనసుకు ఈ కథ ఏ భాషలోనైనా అర్థమవుతుంది. మన వారపత్రికల సీరియళ్లూ ఇలాగే ఊరించేవి. అయితే ‘సశేషం’ దగ్గర వారం రోజులు ఆగేవాళ్లం. ఇక్కడ ఆగనక్కరలేదు, డబ్బు కడితే చాలు! మొదటి కొన్ని భాగాలు ఉచితం. కథ రసపట్టులో పడ్డాక ‘నాణేలు’ కొనమంటారు. కొంచెం కొంచెంగా కట్టింది చివరికి సినిమా టికెట్టు ధరను మించిపోవచ్చు.

తల్లిదండ్రులారా, కోప్పడి ఫోన్ లాక్కోకండి. ముందుగా, అడగకుండా డబ్బు చెల్లిపోయే ఏర్పాటును తీసివేయండి. ప్రతి భాగం చివర ఒక కొక్కెం ఉంటుంది గనుక చివర్లో కాక మధ్యలోనే ఆపడం నేర్పండి. ఆ తరువాత పక్కన కూర్చుని, ‘ఈ కథలో నీకు ఎవరంటే ఇష్టం?’ అని అడగండి. ఆ జవాబులో మన ఇంట్లో ఇంతవరకూ ఎవరూ వినని బాధ ఒకటి బయటపడవచ్చు. దాన్ని వినడానికి నిమిషం చాలదు. ఆ రాత్రి కాస్త ఆలస్యంగా పడుకున్నా నష్టం లేదు.