రెండు భాషల ఇంట్లో బిడ్డకు మాట ఆలస్యమైతే

మన సంఘం విద్యార్థి వేతనాల కోసం వచ్చే తల్లిదండ్రులతో మాట్లాడే పని కొన్నేళ్ళుగా నాది. పెద్దపిల్లల మార్కుల సంగతి అయ్యాక చాలామంది ఒళ్ళోని చిన్నవాళ్ళ సంగతి ఎత్తుతారు. "రెండేళ్ళు నిండాయి, ఇంకా మాటలు రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. తికమకపడుతున్నాడేమో" అంటారు. హోసూరు వారు తమిళం అంటారు, బరంపురం వారు ఒడియా, షోలాపురం వారు మరాఠీ. (యానాం వారికి ఈ చిక్కు లేదు, అక్కడ ఇంటా బయటా తెలుగే.)

రెండు భాషలు వినడం వల్ల బిడ్డకు మాట ఆగిపోదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. బిడ్డ "పాలు" అని తెలుగులో, "నాయి" అని కన్నడంలో అంటే అవి రెండు మాటలే. రెండింటిలోనూ మాట లేకపోతే అది భాషల తికమక కాదు. ముందు చెవి పరీక్ష చేయించాలి. ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. నా మటుకు నేను ఒప్పుకోను. నాయనమ్మకు వచ్చింది తెలుగే అయితే, ఆమె నోరు కట్టేసి బిడ్డకు మాటలు నేర్పగలమా?

"వాళ్ళ మేనమామకూ ఐదేళ్ళకు గాని మాట రాలేదు" అని పెద్దలు ధైర్యం చెబుతారు. ప్రేమతో చెప్పే మాటే గాని, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఏడాది నిండినా "బబబ", "దదద" అని పలకకపోయినా, వేలుపెట్టి చూపకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకు "అమ్మా రా" వంటి రెండు మాటలు కలపకపోయినా చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే తీసుకుపోవాలి. వినికిడి లోపమైతే నెలలు కూడా లెక్కే. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలు కావాలని వైద్యులు లక్ష్యంగా పెట్టుకుంటారు. బెరా అనే పరీక్షను పసిబిడ్డ నిద్రలో ఉండగానే చేస్తారు, నొప్పి ఉండదు.

ఎవరిని అడగాలి? మొదట ఆశా కార్యకర్తను. 2018లో వచ్చిన పద్ధతి ప్రకారం బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఆమె ఇంటికి రావాలి. తరువాత అంగన్‌వాడీ, తమిళనాట ఇప్పటికీ చాలామందికి అది పాల్వాడి. పిండి ప్యాకెట్టు తీసుకుని వచ్చేయడం కాదు, తూకంతోపాటు ఎదుగుదల సంగతీ అడగాలి. పేటలో ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండీ అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలల్లో పెట్టాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి. లోపం కనబడితే జిల్లాలోని డి.ఇ.ఐ.సి. కేంద్రానికి పంపుతారు, చికిత్స ఉచితం. ప్రైవేటు నర్సరీలో వేసిన బిడ్డ ఈ బృందం కంట పడదు. అటువంటప్పుడు జిల్లా ఆసుపత్రికి మీరే తీసుకుపోవాలి.

అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. వినికిడికీ మాటకూ మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబయి బాంద్రాలోని అలీ యావర్ జంగ్ సంస్థ. చెన్నై దగ్గర ముట్టుకాడులోనూ, కటక్ దగ్గర ఒలాట్‌పూర్‌లోనూ వైకల్యాల సంస్థలున్నాయి. బుద్ధి ఎదుగుదల గురించి అనుమానమైతే సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఉంది. తెలుగులో మాట్లాడి పరీక్ష చేయించుకోవాలంటే యానాం వారికీ, బళ్ళారి వారికీ అది అనువు. ఎక్కడికి వెళ్ళినా ఇంటి భాష తెలుగు అని మొదటే చెప్పండి. పరాయి భాషలో ప్రశ్న అర్థంకాని బిడ్డను తెలివి తక్కువ అనుకునే ప్రమాదం ఉంది.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. తల్లీబిడ్డల కార్డులో (కర్ణాటకలో తాయి కార్డు అంటారు) ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. రాసింది మాత్రం చాలాచోట్ల ఆ రాష్ట్ర లిపిలో. మీ అక్కకో వదినకో ఆ లిపి రాకపోవచ్చు, మీకు బడిలో నేర్పారు. ఈ ఆదివారం ఆ కార్డు తీసి, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క వరుసా తెలుగులో చదివి వినిపించండి. కాదని జవాబు వచ్చిన చోట పెన్సిలుతో గీత పెట్టి, ఆశా కార్యకర్త వచ్చినప్పుడు చూపించండి.