నీళ్లకీ కావాలి బొంత!

చలేస్తే మనం దుప్పటి కప్పుకుంటాం. ఒంటి వేడిని అది బయటికి పోనివ్వదు. మరి డాబా మీద వేడినీళ్ల ట్యాంకుకి ఆ దుప్పటి ఎందుకుండకూడదు?

ఎండకి నీళ్లు కాగేలా నల్లరంగు గొట్టాలు, పైన అద్దం అమర్చి, వెల్డింగ్ షాపులో 60 లీటర్ల ట్యాంకు చేయించుకున్నాం. సాయంత్రానికి నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగేవి. తెల్లారేసరికి గోరువెచ్చన. అత్తయ్యగారు, పిల్లలు, మావారు పోసుకున్నాక నా వంతుకి చన్నీళ్లే! 60 లీటర్లు 30 డిగ్రీలు చల్లారాయంటే 2 యూనిట్ల పైచిలుకు కరెంటంత వేడి గాలికి పోయినట్టే.

దీనికి మందు మన రైసుమిల్లులోనే ఉంది. వరి ఊక! ఊక గింజల మధ్య గాలి కదలకుండా నిలిచిపోతుంది. కదలని గాలి వేడిని తేలిగ్గా దాటనివ్వదు.

పాత 200 లీటర్ల నూనె డ్రమ్ము ఒకటి కొని, ముందు శుభ్రంగా కడిగించి, ఆ తర్వాతే పైమూత కోయించండి. ఊకని రెండు రోజులు గలగల్లాడేలా ఎండబెట్టండి. పురుగు పట్టకుండా ఎండు వేపాకు కలపండి. డ్రమ్ము అడుగున 4 అంగుళాల ఎత్తు చెక్కదిమ్మలు పేర్చి, సందుల్లో ఊక పోసి, వాటి మీద ట్యాంకుని కూర్చోబెట్టండి. ఊక మీదే పెడితే నీళ్ల బరువుకి కుంగుతుంది. చుట్టూ 4 అంగుళాల ఖాళీ ఉండాలి.

ఊక నింపేముందు గొట్టాలు బిగించి, ఒకరోజు నీళ్లు నిలవుంచి చూడండి. బొట్టు కారినా ఊక తడుస్తుంది, తడిసిన ఊక వేడిని ఆపదు. తర్వాత తడుతూ నింపండి. నెలకి కాస్త దిగుతుంది, మళ్లీ పొయ్యాలి. పైన పాత బొంత మడిచి, దాని మీద వాన పడకుండా రేకు వాలుగా కప్పండి. బయటి గొట్టాలకీ కొబ్బరితాడు చుట్టి, పైన పాలిథిన్ కట్టండి.

థర్మోకోల్ వాడదామనుకుంటారేమో! బాగా కాగిన ట్యాంకుకి ఆనితే మెత్తబడిపోతుంది.

ట్యాంకు అడుగు, ఎండకి పెట్టిన గొట్టాల పైఅంచు కన్నా కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. లేకపోతే రాత్రిపూట నీళ్లు ఎదురు తిరిగి చల్లారిపోతాయి. ఆవిరి, గాలి పోయే గొట్టాన్ని ఎప్పుడూ మూయకండి. ఊక దరిదాపుల్లో నిప్పు వద్దు. ఈ నీళ్లు స్నానానికీ, గిన్నెలకీ మాత్రమే. కరెంటు గీజరుకి మాత్రం ఇవేవీ చుట్టకండి, ఆ ఏర్పాటు దాని లోపలే ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో తెల్లవారి నీళ్లకి తొలుపు కలుపుకోవాల్సి వస్తోంది. అత్తయ్యగారి మోకాళ్ల కాపడానికి పొయ్యి వెలిగించే పనీ తప్పింది. సంక్రాంతి చలి ముదరకముందే రెండు ఆదివారాలు వెచ్చించండి. ఇంట్లో అందరి తర్వాత స్నానం చేసేవారికి అది న్యాయమే కదా!