వినుట నేర్చిన చెవి

తాళమును తెఱచు సాధనమునకు మన పూర్వులు చెవి యని పేరు పెట్టిరి. తలుపునకు వ్రేలాడునది కప్ప, దానిలో దూర్చునది చెవి. చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారము తాళమును బీగమందుము గనుక మాకది బీగపుచెవి. లోహపు ముక్కకు ఆ పేరేల వచ్చెనో కాని, వేలకొలది సంవత్సరములు ఏమియు వినని ఆ చెవి, మన కన్నులయెదుటనే, గత మూడు నాలుగు దశాబ్దములలో, నిజముగా వినుట నేర్చినది. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పుటయు నేర్చినది. ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో నాకు మా మేనల్లుడు కొన్న పాత కారు వలన తెలిసివచ్చినది.

చెన్నపట్టణమునుండియు, బెంగుళూరునుండియు చేతులు మాఱిన కార్లు తిరుపతికి వచ్చుచుండును. యాత్రికులను కొండకు చేర్చి బ్రదుకు యువకులు వానిని కొనుచుందురు. మా వాడును అట్లే రేణిగుంట మార్గమున ఒక బండిని చూచి, ఇంజను శబ్దము విని, టైర్లు తడవి, ధర కుదుర్చుకొనెను. అమ్మువాడు చేతిలో ఒక్క బీగపుచెవి పెట్టెను. రెండవది ఏదని అడుగగా, “యాడో పోయిందన్నా, ఒకటుంది గదా!” యనెను. యాజమాన్యము మార్పించు ఫారం 29, ఫారం 30 మొదలగు పత్రములన్నియు సక్రమముగనే యుండెను. కాని ఆ ఫారములలో తాళపుచెవుల లెక్క వ్రాయు గడి యెచ్చటను లేదు. రవాణాశాఖ పుస్తకమున యజమాని పేరు మాఱును. బండి లోపల ఇంకొక పుస్తకము కలదు, అందలి పేర్లు వానియంతట అవి మాఱవు. ఆ రెండవ పుస్తకమును ఎఱుగవలెనన్నచో తాళపుచెవి జన్మవృత్తాంతమును మొదటినుండి తెలిసికొనవలెను.

ఆ వృత్తాంతము కొయ్యతో మొదలగును. అస్సీరియా దేశపు ఖోర్సాబాదు శిథిలములలో బయల్పడిన కొయ్యతాళమున, గడియలోని రంధ్రములలోనికి పైనుండి చిన్న చిన్న మేకులు దిగి దానిని కదలనీయక పట్టియుంచెడివి. ఆ మేకులకు సరిపోవు పండ్లు గల కొయ్యచెవిని దూర్చి పైకెత్తిన మాత్రమున మేకులు లేచి గడియ వీడెడిది. 1860ల దశకమున అమెరికా దేశీయుడైన లైనస్ యేల్ ఈ ప్రాచీనసూత్రమునే ఇత్తడిలోనికి దించి, చిన్న గొట్టమున ఇమిడ్చి, నేటికిని మన ఇండ్లలో వాడుకలోనున్న రంపపుపండ్ల సన్నని తాళపుచెవిని లోకమునకిచ్చెను. ఇంత మార్పు జరిగినను చెవియందలి రహస్యము మాత్రము దాని ఆకారమే. సబ్బుబిళ్ళపై దాని అచ్చు తీసికొన్నవాడు రెండవదానిని చేసికొనగలడు. సొంతదారుడును, దొంగయు తాళమునకు ఒక్కటియే.

ఈ లోపము మన పెద్దలకు తెలియనిది కాదు. తిరుమల శ్రీవారి ఆలయమున నేటికిని ప్రతిదినము సుప్రభాతవేళ సన్నిధిగొల్ల దివిటీతో ముందు నడువగా, అర్చకులు కుంచెకోలను, తాళపుచెవులను తీసికొని వచ్చి బంగారువాకిలి తెఱతురు. ఆ ద్వారమును కాపాడునది ఇనుము మాత్రమే కాదు. ఏ వేళకు, ఎవరి చేత, ఎవరి వెంట ఆ ఇనుము రావలెనో నిర్ణయించిన ఆచారము దానిని కాపాడుచున్నది. తెచ్చినవారిని ఎఱిగి తెఱచుకొను వాకిలి యది. వీథిలో నిలిపిన కారునకు ఇట్టి ఎఱుక లేదు. ఆ ఎఱుకను లోహమునకును, విద్యుత్తునకును నేర్పుటకై ఇంజనీర్లు పడిన శ్రమయే తాళపుచెవి యొక్క ఆధునిక చరిత్ర.

తొలినాటి మోటారుబండ్ల యెదుట నిలిచి ఇనుపపిడిని త్రిప్పినగాని ఇంజను మేల్కొనెడిది కాదు. ఆ పిడి ఎదురు తన్ని చేతులు విఱుచుచుండగా, 1911లో ఛార్లెస్ కెటరింగ్ విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు స్టార్టరును రూపొందించెను. మఱుసటి సంవత్సరపు క్యాడిలాక్ కార్లలో అది అమరెను. చెవిని త్రిప్పుటతోనే ఇంజను కదలు సదుపాయమును 1949లో క్రైస్లర్ సంస్థ ప్రచారములోనికి తెచ్చెను. మన తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు తెఱచినది 1944 ఏప్రిల్ 10న. ఆనాడు కొండనెక్కిన బండ్లకు ఈ సదుపాయమింకను ఐదేండ్ల దూరమున నుండెను.

పిమ్మట చెవికి గొంతు వచ్చినది. గోడకు అవతలనున్న గంటను తీగ లేకయే మ్రోగింపవచ్చునని 1895లోనే జగదీశచంద్ర బోసు కలకత్తాలో ప్రదర్శించి చూపెను. ఆ అద్భుతము కారు తలుపు వఱకు వచ్చుటకు ఎనుబదియేడు సంవత్సరములు పట్టినది. 1982లో ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ తన ఫ్యూగో కారునకు, పరారుణ కిరణముతో తలుపులు తీయు చిన్న రిమోటును జోడించెను. కిరణమునకు పిదప రేడియోతరంగము వచ్చెను. నేడు మన దేశమున అనేక కార్ల రిమోటులు 433.92 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యమున పలుకును. గొంతు వచ్చినతోడనే పొంచి విను దొంగయు వచ్చెను: ఒకమాఱు విన్న సంకేతమును పట్టి, మఱల వినిపించినచో, తలుపు తెఱచుకొనెడిది. దీనికి విఱుగుడుగా, నొక్కిన ప్రతిసారియు సంకేతము మాఱు పద్ధతులు పుట్టెను. 1980ల దశకమున దక్షిణాఫ్రికాలో జనించిన కీలాక్ వానిలో ప్రసిద్ధము. అందు రిమోటును, కారును ఒకే లెక్కను వేర్వేఱుగ లెక్కించుచుండును. జేబులో నొక్కుకొని రిమోటు కొంత ముందునకు పోయినను, 16 మెట్ల వఱకు కారు దానిని మన్నించి తన లెక్కను సరిదిద్దుకొనును. ఒకసారి వాడిన సంకేతమును మాత్రము మఱల అంగీకరింపదు.

అయినను తలుపు తీయుట వేఱు, ఇంజను నడపుట వేఱు. అద్దము పగులగొట్టి, లోపల దూరి, తీగలు కలిపి బండిని నడపుకొనిపోవు దొంగను ఆపుటకై 1990ల దశకమున చెవి నిజముగా చెవియైనది. నల్లని పిడిలో ట్రాన్స్‌పాండరు అను చిన్న తునుక ఇమిడియుండును. దానికి బ్యాటరీ లేదు. చెవిని దూర్చు రంధ్రము చుట్టును కారు ఒక తీగచుట్టను ధరించియుండును. ఆ చుట్ట సెకనుకు లక్షకు పైగా మార్లు ఊగిసలాడు అయస్కాంతక్షేత్రమును కల్పింపగా, 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ప్రేరణసూత్రము ననుసరించి ఆ క్షేత్రమే తునుకలోని చుట్టయందు విద్యుత్తును పుట్టించి దానికి ప్రాణము పోయును. అప్పుడు కారు ఏదో ఒక సంఖ్యను పలుకును. చెవి దానిని విని, తనలో దాచుకొన్న రహస్యసంఖ్యతో మథించి, ఫలితమును మాత్రము తిరిగి పలుకును. కారును అదే లెక్క చేసికొని, రెండును సరిపోయినగాని ఇంజనును నడువనీయదు. రహస్యము ఎన్నడును బయట ఉచ్చరింపబడదు. తొలితరపు ట్రాన్స్‌పాండరులలో కొన్నిటి రహస్యము 40 బిట్ల సంఖ్య, అనగా సుమారు 1,10,000 కోట్ల సంఖ్యలలో ఒకటి. అంతటిదానిని సైతము 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ సహచరులతో కలిసి ఛేదించి చూపిరి. తరువాతి తరములవి మఱింత పొడవైన రహస్యములను ఆశ్రయించెను. సరియైన చెవి లేనిదే ఇంజనును నడువనీయని ఈ కట్టుబాటు ఐరోపా సమాజమున 1998 అక్టోబరు నుండి కొత్త కార్లకు తప్పనిసరియైనది. మీట నొక్కి నడపు నేటి కార్లలో సైతము, రిమోటులోని నాణెమంత బ్యాటరీ అడుగంటిననాడు, దానిని ఆ మీటకు ఆనించి పట్టినచో అనేక బండ్లు కదలుటకు కారణము, బ్యాటరీ లేకయే వినగల ఈ చెవియే.

ఇట్టి చెవులలో తనవేవో కారు తన జ్ఞాపకమున వ్రాసికొనియుండును. అదియే నేను చెప్పిన రెండవ పుస్తకము. మా వాడు, నేను తాళములు చేయు ఒక చిన్న దుకాణమునకు పోతిమి. గోడనిండ పండ్లు కోయని చెవులు వరుసలుగ వ్రేలాడుచుండెను. దుకాణపు పిల్లవాడు రిజిస్ట్రేషను పత్రమును, గుర్తింపుకార్డును చూచి, స్టీరింగు క్రిందనున్న 16 సూదుల సాకెట్టునకు తన పరికరమును తగిలించి, బండికి సంబంధించిన రహస్యసంఖ్యను నొక్కెను. తెరపై 2 అను అంకె కనబడెను. “రెండున్నాయంట మామా!” యని మేనల్లుడు నావంక చూచెను. మా చేతిలోనున్నది ఒకటి. బండికి తెలిసినవి రెండు. ఎక్కడనో, ఎవరి చేతనో, ఈ బండిని నడపుకొనిపోగల అధికారము ఇంకను చెల్లుబాటులోనే యున్నది. “కొత్తది చేసేది గొప్పేం గాదు సార్. పోయినదాన్ని బండి మర్చిపోవల్ల. అదీ అసలు పని,” యని పిల్లవాడు చెప్పెను. ఈ వ్యాసమంతటికిని నేను చెప్పదలచినది ఆ ఒక్క మాటయే.

అతడు మొదట ఉన్న పేర్లన్నిటిని తుడిచివేసెను. తెరపై 0 వచ్చెను. ఆ కొన్ని క్షణములు ఆ కారు లోకమున ఎవరిదియు కాదు. పిదప మా పాత చెవిని, పండ్లు కోసిన కొత్త చెవిని ఒకదాని వెనుక ఒకటి దూర్చి బండికి పరిచయము చేసెను. మఱల 2 వచ్చెను. ఈమాఱు రెండును మా చేతిలోనే యుండెను.

పాత కారు కొనువారు ఈ తుడిచివేతను తప్పక అడిగి చేయించుకొనవలెను. పోయిన రిమోటునకు బదులు బజారున వాడిన రిమోటును కొనుటయు మేలు కాదు. పెక్కు రకములు మొదట పరిచయమైన కారునకే కట్టుపడి, రెండవదానిని అంగీకరింపవు. దొంగతనమునకు పరిహారము కోరినపుడు బీమాసంస్థలు రెండు చెవులను అడుగుట వాడుక గనుక, రెండవది లేనివాడు తన నిజాయితీని వేఱు విధముల నిరూపించుకొనవలసివచ్చును. కొండనెక్కువారికి ఇంకొక భయము: అలిపిరి తనిఖీ వద్ద డిక్కీ తీసి చూపించిన ఆ ఒక్క చెవియు, పుష్కరిణిలో మునిగినపుడు పంచె మడతనుండి జాఱినచో, బండిని కొండపైననే విడిచి రావలెను.

రెండు వారములకు, అమ్మినవాడు పాత ఇంటి బీరువాలో దొరకినదని ఆ పోయిన చెవిని తానే తెచ్చి ఇచ్చెను. మేనల్లుడు దానిని తలుపున దూర్చి త్రిప్పెను, తలుపు తెఱచుకొనెను. లోపల కూర్చుండి మఱల త్రిప్పెను. ఎదుటి పలకపై తాళపుచెవి బొమ్మ గల చిన్న దీపము మినుకుమినుకుమని వెలిగెనే కాని ఇంజను పలుకలేదు. దాని పండ్లను తలుపు ఎఱిగినది. దాని మాటను బండి ఎఱుగదు. మఱునాడు దుకాణమునకు పోయి దానిని గూడ బండికి పరిచయము చేయించితిమి. మా అక్క దానిని దేవుని గూటిలో పసుపుభరిణ ప్రక్కన భద్రముగ దాచినది.