సూక్ష్మజీవి చేతి మానవ కెరటిన్

తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలు, మన గోళ్ళు, చర్మపు పైపొర - వీటన్నింటికీ దృఢత్వమిచ్చేవి కెరటిన్లు అనే ఒకే కుటుంబపు ప్రోటీనులు. మానవునిలో వీటికి 54 జన్యువులు ఉన్నవి. వీటిని శాస్త్రజ్ఞులు కె5, కె14 వంటి సంఖ్యలతో వ్యవహరిస్తారు.

వెంట్రుకలు ఇంత సులభంగా లభిస్తుండగా, పరిశోధకులు కెరటిన్‌ను బాక్టీరియా చేత ఎందుకు తయారుచేయించుకుంటున్నారన్న సందేహం కలగడం సహజం. వెంట్రుకలోని కెరటిన్లు అనేకం. అవి గంధకపు బంధాలతో గట్టిగా ముడిపడి ఉంటాయి. తీవ్రమైన రసాయనాలతో విడదీసినా లభించేది మిశ్రమమే. పైగా చర్మపు అడుగు వరుస కణాలలో ప్రధానంగా ఉండేవి కె5, కె14. వాటిని గురించి తెలుసుకొనుటకు వెంట్రుకల కెరటిన్ చాలదు.

అందుచేత కె14 జన్యువు నకలును ప్లాస్మిడ్ అనే వలయాకారపు డి.ఎన్.ఏ.లో అతికించి, ఇ. కోలై అనే బాక్టీరియంలో ప్రవేశపెడతారు. ఆ సూక్ష్మజీవి తన ప్రోటీనులతోపాటు మన కె14ను కూడా తయారుచేస్తుంది. ఇటువంటి దానిని రీకాంబినెంట్ ప్రోటీన్ అంటారు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్ కూడా ఈ కోవకు చెందినదే.

బాక్టీరియాలో ఒంటరిగా తయారైన కెరటిన్ కరగక ముద్దలుగా పేరుకుంటుంది. వాటిని గాఢమైన యూరియా ద్రావణంలో కరిగించి శుద్ధిచేస్తారు. కె5ను కూడా ఇదే రీతిగా వేరుగా తయారుచేస్తారు. రెండింటినీ సమపాళ్ళలో కలిపి, యూరియాను క్రమంగా తొలగిస్తే, ఒక కె5 ఒక కె14తో జతకడుతుంది. ఆ జతలు ఒకదానితో నొకటి చేరి, సుమారు 10 నానోమీటర్ల మందంగల తంతువులుగా తమంతట తామే రూపొందుతాయి. రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా తంతువు ఏర్పడదు.

దీని వలన ప్రయోజనమేమి? కొందరు పిల్లలకు కొద్దిపాటి రాపిడికే చర్మం బొబ్బలెక్కుతుంది. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా సింప్లెక్స్ అనే ఈ వ్యాధిపై, షికాగో విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫుక్స్ బృందం 1991లో ఒక ముఖ్యమైన విషయం వెల్లడించింది. కె14లో అమైనో ఆమ్లాలు 472. తీవ్రమైన వ్యాధి గల ఇద్దరు రోగులలో 125వ స్థానంలోని ఆర్జినిన్ మారిపోయి ఉన్నది. అదే మార్పును ప్రయోగశాలలో కె14లో కల్పించి చూడగా, తంతువుల నిర్మాణం దెబ్బతిన్నది. పుచ్చిన నార కలిస్తే మోకు అంతా బలహీనపడినట్లు, లోపమున్న కెరటిన్ మంచిదానితో కలిసి తంతువును చెడగొడుతుంది. అందువలననే సాధారణంగా జన్యువు రెండు నకళ్ళలో ఒకటి చెడినా వ్యాధి వస్తుంది.

ఈ వ్యాధిని సమూలంగా తొలగించే చికిత్స ఇంకా లేదు. అయినా ఇది దిష్టి కాదు, పథ్యలోపం కాదు, తల్లి పెంపకంలోని అశ్రద్ధ అంతకన్నా కాదు అని నిస్సంశయంగా చెప్పగలుగుతున్నాము. అటువంటి బిడ్డ గల కుటుంబానికి ఈ మాట చిన్నది కాదు.

చివరిగా ఒక మనవి. పరిశోధనకు మాత్రమే అని ముద్రించిన సీసాలోని కెరటిన్ కేశసౌందర్యానికి ఉద్దేశించినది కాదు. అది ప్రశ్నలడుగుటకు ఉపయోగపడే పనిముట్టు మాత్రమే. బాక్టీరియా మన కణాలవలె ప్రోటీనుకు తుదిమెరుగులు దిద్దలేవు గనుక, పరీక్షనాళికలో లభించిన సమాధానాన్ని మానవ చర్మకణాలలో తిరిగి సరిచూడవలసి ఉంటుంది.