భుజం నొప్పికి సూదిమందు

జడ వేసుకోబోతే చెయ్యి లేవదు, అటక మీది డబ్బా అందదు. తెనాలిలో మా పిన్నికి భుజం కీలు అరిగి ఏడాదిగా ఇదే బాధ. రేపల్లె వియ్యపురాలు వచ్చి, "బాపట్లలో మా ఆడపడుచుకు ఒక్క సూదితో తగ్గింది, మీరూ వేయించుకోండి వదినగారూ" అంది.

ఆ సూదిలో ఉండేది స్టెరాయిడ్. 1948లో అమెరికాలో డాక్టర్ హెంచ్ కీళ్లవాతానికి మొదటిసారి వాడిన కార్టిసోన్ జాతి మందే. కీలులోని వాపును అణచి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉపశమనం ఇస్తుంది. అరిగిన కీలును మాత్రం బాగుచేయదు సుమండీ! నొప్పి తగ్గింది కదా అని బిందెలు ఎత్తకుండా, డాక్టరు చెప్పిన వ్యాయామం చేసుకోవాలి. మాటిమాటికీ వేయిస్తే కీలుకే చేటు. ఏడాదికి 3, 4 మించనివ్వరు.

పిన్నికి చక్కెర జబ్బు. "భుజానికీ దానికీ ఏం సంబంధమే?" అని డాక్టరుకు చెప్పనేలేదట! ఈ సూది పడ్డాక కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది. భుజం ఎర్రబడి జ్వరం వస్తే వెంటనే చూపించుకోవాలి.

రేపు రక్తపరీక్ష కాగితాలతో నేనే వెంట వెళ్తున్నాను.